రాజు బతికే ఉన్నాడు, మరి రాజ్యం ఎవరి చేతుల్లో? 1450ల ఇంగ్లండ్ చిక్కుముడి

1455 మే 22న లండన్‌కు ఉత్తరాన ఉన్న సెయింట్ ఆల్బన్స్ పట్టణ వీధుల్లో ఇంగ్లండ్ రాజు బలగం మీద ఆ దేశంలోనే అందరికంటే సంపన్నుడైన ప్రభువు బలగం విరుచుకుపడింది. పోరు ముగిసేసరికి రాజు ఆరో హెన్రీ మెడకు బాణం తగిలి నెత్తురోడుతున్నాడు. ఆయన ఆంతరంగికుడు సోమర్‌సెట్ డ్యూక్ వీధిలో శవమై పడి ఉన్నాడు. గెలిచిన యార్క్ డ్యూక్ రిచర్డ్ నేరుగా రాజు దగ్గరకు వెళ్లి, మోకాళ్ల మీద కూర్చొని, తాను ఆయన నమ్మిన బంటునని చెప్పి క్షమాపణ కోరాడు. మర్నాడు సకల మర్యాదలతో రాజును లండన్‌కు తీసుకువెళ్లాడు.

గెలిచినవాడు కిరీటం ఎందుకు తీసుకోలేదు? ‘గులాబీల యుద్ధాలు’ అన్న పేరు విని ఈ చరిత్రలోకి వచ్చినవారికి మొదట తగిలే ముడి ఇదే. తెల్ల గులాబీ యార్క్ వంశానిది, ఎర్ర గులాబీ లాంకాస్టర్ వంశానిది, రెండూ కిరీటం కోసం మొదటి నుంచీ కొట్టుకున్నాయి అన్నది మనకు అందిన కథ. తెల్ల గులాబీ యార్క్ వంశీయుల చిహ్నాల్లో ఒకటన్న మాట నిజమే. ఎర్ర గులాబీకి ప్రాచుర్యం వచ్చింది మాత్రం 1485లో హెన్రీ ట్యూడర్ గెలిచిన తర్వాత. ఈ యుద్ధాలకు ఇప్పుడున్న పేరు స్థిరపడింది ఇంకా ఆలస్యంగా, 19వ శతాబ్దంలో. ఆ పేరును కాసేపు పక్కన పెట్టి 1450 నుంచి 1461 వరకు జరిగినదాన్ని వరుసగా చూస్తే, ఆ కాలంలో చాలాభాగం గొడవ ‘రాజు ఎవరు’ అన్నదాని మీద కాదని తెలుస్తుంది. రాజ్యం చేయలేని రాజు పేరుతో రాజ్యం ఎవరు చేయాలన్నదే అసలు తగాదా. కిరీటం ప్రశ్న అధికారికంగా బయటకు వచ్చింది 1460 అక్టోబరులో మాత్రమే.

రాజు పనిచేయకపోతే ఏమవుతుంది?

15వ శతాబ్దపు ఇంగ్లండ్‌లో స్థిర సైన్యం లేదు. పోలీసులు లేరు. జిల్లాల్లో జీతం తీసుకొని పనిచేసే అధికారగణం దాదాపు లేదు. శాంతిభద్రతలు, పన్నులు, న్యాయవిచారణ అన్నీ ఆ ప్రాంతపు భూస్వాముల చేతుల మీదుగానే నడవాలి. పెద్ద ప్రభువు చుట్టూ చిన్న భూస్వాములు చేరేవారు. ఆయన వారికి ఏటా కొంత సొమ్ము ఇస్తాడు, తన చిహ్నం ధరింపజేస్తాడు, కోర్టు వ్యవహారాల్లో అండగా నిలుస్తాడు. బదులుగా వారు ఆయన పనులు చక్కబెడతారు, అవసరమైతే ఆయుధాలతో వస్తారు. పాతకాలపు ఫ్యూడల్ పద్ధతిలో సేవకు ప్రతిఫలం భూమి. ఇక్కడ ఏటా అందే సొమ్ము. ఈ ఏర్పాటు ఉన్నంత మాత్రాన అరాచకం రాదు. మామూలు రోజుల్లో దేశం నడిచింది దీని మీదే.

ఇద్దరు పెద్ద ప్రభువులు తగవు పడినప్పుడు దాన్ని తీర్చగల మనిషి దేశంలో ఒక్కడే, రాజు. ఆయన ఆ పని చేయకపోతే ఏమవుతుందో ఉత్తరాదిలో పెర్సీ, నెవిల్ కుటుంబాల వ్యవహారం చూపిస్తుంది. యార్క్‌షైర్‌లోని రెసిల్ కోట ఒకప్పుడు పెర్సీలది. 50 ఏళ్ల కిందట వారు నాలుగో హెన్రీ మీద తిరగబడితే అది జప్తు అయింది, చివరికి క్రామ్‌వెల్ ప్రభువు చేతికి వచ్చింది. ఆయన మేనకోడలూ వారసురాలూ అయిన మాడ్ స్టాన్‌హోప్‌ను 1453లో నెవిల్ కుటుంబపు కుర్రవాడు పెళ్లి చేసుకున్నాడు. అంటే పెర్సీల కోట నెవిల్‌ల ఇంటికి చేరబోతోంది. ఆగస్టు 24న పెళ్లివారు తిరిగి వస్తుంటే యార్క్ నగర శివార్లలోని హ్యూవర్త్ దగ్గర ఎగ్రెమాంట్ ప్రభువు థామస్ పెర్సీ పెద్ద దండుతో అడ్డగించాడు. తర్వాత జరిగిన విచారణలో ఆ దండులోనివారి పేర్లు 700కు పైగా నమోదయ్యాయి. ఆ రోజు పెద్ద రక్తపాతం జరగలేదు. అయితే తగవు తీర్చవలసిన రాజు ఆ నెలలోనే ఎవరికీ అందని స్థితిలోకి జారిపోయాడు.

ఆరో హెన్రీ తొమ్మిది నెలల పసివాడిగా 1422లో రాజయ్యాడు. పెద్దవాడయ్యాక కూడా ఆయన దైవభక్తుడిగా, దయగలవాడిగా, అడిగినవాడికల్లా ఇచ్చేవాడిగా మిగిలాడు. ఈటన్ పాఠశాల, కేంబ్రిడ్జిలోని కింగ్స్ కాలేజీ ఆయన స్థాపించినవే. కాని కాదనలేని రాజు దగ్గర ముందుగా చేరినవాడిదే రాజ్యం. 1449–50లో పార్లమెంటు ముందుకు వచ్చిన లెక్క చూడండి: రాజుకు ఏటా నికరంగా వచ్చే ఆదాయం 5,000 పౌండ్లు, ఆయన ఇంటి ఖర్చు ఒక్కటే 24,000 పౌండ్లు, ఖజానా అప్పు 3,72,000 పౌండ్లు. 1433లో ఆ అప్పు 1,68,000 పౌండ్లు. పదహారేళ్లలో రెట్టింపు దాటింది.

1450: అన్నీ ఒక్కసారే కూలిన ఏడాది

హెన్రీ తండ్రి ఐదో హెన్రీ ఫ్రాన్స్‌లో గెలిచిన భూభాగాల్లో ముఖ్యమైనది నార్మండీ. 1449 అక్టోబరులో దాని రాజధాని రూఆన్ ఫ్రెంచివారి వశమైంది. 1450 ఏప్రిల్ 15న ఫోర్మిన్యీ వద్ద ఇంగ్లిష్ సేన చిత్తయింది. ఆగస్టు 12న షెర్బూర్గ్ లొంగిపోవడంతో నార్మండీ మొత్తం పోయింది. అక్కడ స్థిరపడిన ఇంగ్లిష్ కుటుంబాలు, జీతాలు అందని సైనికులు చేతిలో చిల్లిగవ్వ లేకుండా స్వదేశం చేరారు.

జనం కోపం రాజు మీదికి పోలేదు, ఆయన సలహాదారుల మీదికి పోయింది. రాజు చెడ్డవాడు కాదు, చుట్టూ ఉన్నవాళ్లు చెడ్డవాళ్లు అన్న వాదన ఆ దశాబ్దమంతా వినిపిస్తుంది. దాన్ని అంతా నటన అనుకోకూడదు. దేవుడి పేర అభిషేకం పొందిన రాజును తప్పుపట్టే మార్గం ఆనాటి ఆలోచనలో దాదాపు లేదు, కాబట్టి ఏ ఫిర్యాదైనా ఈ రూపంలోనే రావాలి. సఫోక్ డ్యూక్ విలియం డి లా పోల్ మీద పార్లమెంటు అభియోగాలు మోపింది. ఆయన్ను కాపాడాలని రాజు ఐదేళ్ల దేశబహిష్కారంతో సరిపెట్టాడు. సఫోక్ ఎక్కిన ఓడను మరో ఓడ సముద్రంలో అడ్డుకుంది. ఆ వారంలోనే రాసిన ఒక ఉత్తరం ప్రకారం ఆయన తలను తుప్పుపట్టిన కత్తితో అర డజను వేట్లకు నరికి, మొండేన్ని డోవర్ ఇసుకలో పడేశారు.

నెల తిరగకుండానే కెంట్ ప్రాంతం లేచింది. నాయకుడు జాక్ కేడ్. జూన్ 18న సెవెనోక్స్ వద్ద రాజు పంపిన దండును తిరుగుబాటుదారులు ఓడించారు, జులై 3న లండన్‌లో ప్రవేశించారు, మర్నాడు కోశాధికారిగా పనిచేసిన సే ప్రభువు తలను చీప్‌సైడ్‌లో నరికారు. తర్వాత లండన్ పౌరులే వంతెన మీద రాత్రంతా పోరాడి వారిని వెనక్కి నెట్టారు. కేడ్ వారం తిరక్కుండా పట్టుబడి గాయాలతో చనిపోయాడు. అతడు పెట్టుకున్న మారుపేరు మాత్రం కొలువును వణికించింది: జాన్ మార్టిమర్. మార్టిమర్ అంటే యార్క్ డ్యూక్ తల్లి పుట్టింటి పేరు, కిరీటం మీద హక్కు చెప్పుకోగల శాఖ.

యార్క్‌కు కడుపుమంట ఎందుకు?

యార్క్ డ్యూక్ రిచర్డ్ ఫ్రాన్స్‌లో రాజప్రతినిధిగా పనిచేశాడు. సైన్యాన్ని నడపడానికి సొంత సొమ్ము పెట్టాడు. 1446 నాటికి ఖజానా ఆయనకు సుమారు 38,000 పౌండ్లు బాకీ. ఆ పదవిని తర్వాత సోమర్‌సెట్ డ్యూక్ ఎడ్మండ్ బోఫోర్ట్‌కు ఇచ్చారు, యార్క్‌ను ఐర్లండ్‌కు పంపారు. సోమర్‌సెట్ రూఆన్‌ను, ఆపైన కాన్‌ను శత్రువుకు అప్పగించి తిరిగి వచ్చాడు. శిక్ష మాట అటుంచి, వెంటనే రాజ్యంలో అత్యున్నత సైనిక పదవి అయిన కానిస్టేబుల్ హోదా దక్కింది. రాజుకు సంతానం లేదు. రక్తసంబంధం చూస్తే యార్కే వారసుడు. 1451లో బ్రిస్టల్ ప్రతినిధి థామస్ యంగ్ ఆ మాట పార్లమెంటులో ప్రతిపాదించినందుకు జైలు పాలయ్యాడు. 1452లో యార్క్ సైన్యంతో డార్ట్‌ఫర్డ్ దాకా వచ్చాడు. మిగిలిన ప్రభువులు కలిసి రాలేదు. సెయింట్ పాల్స్ చర్చిలో అందరి ముందూ విధేయత ప్రమాణం చేసి తల వంచుకొని వెనుదిరిగాడు.

నా అంచనాలో ఇక్కడ స్వార్థాన్నీ రాజ్య క్షేమాన్నీ విడదీయడం కుదరదు. సోమర్‌సెట్ వల్ల నార్మండీ పోయిందన్నది యార్క్ ఫిర్యాదు, దేశంలో చాలామంది మాట కూడా అదే. అదే సోమర్‌సెట్ ఆయన పదవినీ పరువునూ తన్నుకుపోయాడు.

1453 ఆగస్టు: పలకని రాజు

1453 జులై 17న కాస్టియాన్ దగ్గర ఇంగ్లండ్ ప్రఖ్యాత సేనాని జాన్ టాల్బట్ నేలకొరిగాడు. దానితో మూడు వందల ఏళ్లుగా ఇంగ్లండ్ రాజులదైన గాస్కనీ కూడా చేజారింది. మరుసటి నెల సాలిస్‌బరీ సమీపంలోని క్లారెండన్‌లో ఉండగా హెన్రీకి ఏదో జరిగింది. మాట ఆగిపోయింది. మనుషులను గుర్తుపట్టడం మానేశాడు. ఒకరు పట్టుకుంటే తప్ప నడవలేకపోయాడు. ఆయన తల్లి తండ్రి, ఫ్రాన్స్ రాజు ఆరో చార్లెస్, ఏళ్ల తరబడి మతిభ్రమణంతో బాధపడినవాడే. వంశపారంపర్యమా అన్నది ఈనాటికీ వాదనే.

అక్టోబరు 13న రాణి మార్గరెట్‌కు కొడుకు పుట్టాడు, ఎడ్వర్డ్. కొత్త సంవత్సరం వేళ బిడ్డను తండ్రి ముందుకు తెచ్చారు. బకింగ్‌హామ్ డ్యూక్ చేతుల్లో పెట్టుకొని చూపించాడు, తర్వాత రాణి ఎత్తుకొని మోకరిల్లింది. హెన్రీ ఒక్కసారి కళ్లెత్తి చూసి మళ్లీ దించుకున్నాడు, అంతే. 1454 మార్చిలో రాజ్యానికి ఛాన్సలర్ (రాజముద్ర చూసే ప్రధానాధికారి), ఆర్చిబిషప్ కూడా అయిన జాన్ కెంప్ చనిపోయాడు. ఆ రెండు పదవులూ నింపాలంటే రాజు మాట కావాలి. ప్రభువుల బృందం విండ్సర్ కోటకు వెళ్లి, భోజనం అయ్యేదాకా ఆగి, రాజుతో మూడు విడతలు మాట్లాడి చూసింది. జవాబు గాని, సైగ గాని లేదు. వారు ఆ సంగతి పార్లమెంటుకు ఉన్నది ఉన్నట్టు నివేదించారు. చదువుతుంటే వారి నిస్సహాయత ఇప్పటికీ తెలుస్తుంది.

ఇప్పుడు అధికారం ఎవరికి ఇవ్వాలి? రాణి తనకే ఇమ్మని కోరింది. ప్రభువులు యార్క్‌ను ఎంచుకున్నారు, అదీ రాజప్రతినిధిగా కాదు, రాజ్య సంరక్షకుడిగా. ఈ తేడా ముఖ్యం. సంరక్షకుడు రాజ్యాన్ని కాపాడతాడు, మండలితో కలిసి నడుపుతాడు. రాజాధికారం ఆయనది కాదు. రాజు కోలుకున్న క్షణాన పదవి ముగుస్తుంది. యార్క్ బావమరిది సాలిస్‌బరీ ఎర్ల్ రిచర్డ్ నెవిల్ ఛాన్సలర్ అయ్యాడు. సోమర్‌సెట్ అప్పటికే లండన్ టవర్‌లో బందీ. నెవిల్‌లు యార్క్ పక్షాన చేరేసరికి పెర్సీలు సహజంగానే సోమర్‌సెట్ వైపు మొగ్గారు. ఉత్తరాది కోట తగాదా, లండన్ కొలువు తగాదా ఇలా ఒకటయ్యాయి.

1454 క్రిస్మస్ నాటికి హెన్రీ తేరుకున్నాడు. కొడుకును చూపిస్తే పేరేమిటని అడిగి, ఎడ్వర్డ్ అని చెప్పగా చేతులెత్తి దేవుడికి దండం పెట్టాడు. ఒక తండ్రిగా ఆయనను చూసి సంతోషించాలి. రాజ్యానికి మాత్రం అది మళ్లీ మొదటికి రావడం. సోమర్‌సెట్ విడుదలయ్యాడు, యార్క్ సంరక్షక పదవి పోయింది, లెస్టర్‌లో సభకు పిలుపు వచ్చింది. అక్కడ తమ పని పట్టడానికే ఈ సభ అని యార్క్, సాలిస్‌బరీ, ఆయన కొడుకు వారిక్ ఎర్ల్ భయపడ్డారు. దారిలోనే సెయింట్ ఆల్బన్స్‌లో రాజును అడ్డుకున్నారు.

ఆ పోరులో చనిపోయినవారు తక్కువ. కాని ఎవరు చనిపోయారో చూడాలి: యార్క్ శత్రువు సోమర్‌సెట్, నెవిల్‌ల శత్రువు, పెర్సీ కుటుంబ పెద్ద అయిన నార్తంబర్లాండ్ ఎర్ల్, పెర్సీల పక్షపు క్లిఫర్డ్ ప్రభువు. ముగ్గురికీ కొడుకులున్నారు.

నష్టపరిహారంతో పగ తీరుతుందా? 1458 నాటి రాజీ

మధ్యయుగ ఇంగ్లండ్‌లో తగాదాలను మధ్యవర్తుల ద్వారా తీర్చుకునే రోజును లవ్‌డే అనేవారు. 1458లో యార్క్ పక్షానికీ సెయింట్ ఆల్బన్స్ మృతుల కుటుంబాలకూ మధ్య అలాంటి రాజీ కుదిర్చాడు హెన్రీ. ఆయన తన పాలనలో నిజంగా మనసు పెట్టి చేసిన పనుల్లో ఇదొకటి. తీర్పు ఇది: సెయింట్ ఆల్బన్స్ మఠంలో మృతుల ఆత్మశాంతి ప్రార్థనలకు ఏటా 45 పౌండ్లు, సోమర్‌సెట్ కుటుంబానికి యార్క్ 5,000 మార్కులు, క్లిఫర్డ్ కుటుంబానికి వారిక్ 1,000 మార్కులు ఇవ్వాలి. మార్కు అంటే పౌండులో మూడింట రెండు వంతులు. ఆ లెక్కన యార్క్ ఇవ్వవలసింది సుమారు 3,333 పౌండ్లు. అయితే ఆయన ఈ సొమ్మును రాజు తనకు బాకీ ఉన్న మొత్తంలోంచి మళ్లించేలా ఏర్పాటు జరిగింది. తండ్రిని పోగొట్టుకున్న కొడుకు చేతికి వచ్చింది ఖాళీ ఖజానా మీద ఒక హామీ పత్రం.

మార్చి 25న అందరూ చేతులు పట్టుకొని సెయింట్ పాల్స్‌కు ఊరేగింపుగా వెళ్లారు: యార్క్ పక్కన రాణి మార్గరెట్, సాలిస్‌బరీ పక్కన కొత్త సోమర్‌సెట్. ఆ రాజీని కొందరు ఒట్టి ప్రహసనం అంటారు. నేను అలా అనలేను. ఆ కాలపు పద్ధతుల ప్రకారం అది సరైన ప్రయత్నమే. దాన్ని మీరినవారిని దండించగల రాజు లేకపోవడమే దాని లోపం.

1459లో అదీ తెగిపోయింది. సెప్టెంబరు 23న బ్లోర్ హీత్ వద్ద సాలిస్‌బరీ రాజపక్షాన్ని ఓడించాడు. అక్టోబరు 12 రాత్రి లడ్‌ఫర్డ్ దగ్గర కథ తిరగబడింది. ఎదుట రాజు స్వయంగా నిలిచాడని తెలియగానే, ఫ్రాన్స్ తీరంలో ఇంగ్లండ్‌కు ఇంకా మిగిలిన కలే పట్టణం నుంచి వారిక్ తెచ్చిన సైనికులు ఆండ్రూ ట్రోలప్ నాయకత్వంలో రాజు పక్షాన చేరిపోయారు. యార్క్ ఐర్లండ్‌కు, ఆయన పెద్దకొడుకు ఎడ్వర్డ్, నెవిల్‌లు కలేకు పారిపోయారు. నవంబరులో కోవెంట్రీ పార్లమెంటు వారందరిమీద అటెయిండర్ చట్టం చేసింది. అటెయిండర్ అంటే విచారణ అక్కర్లేకుండా చట్టం ద్వారానే రాజద్రోహిగా ప్రకటించడం. మనిషికి ప్రాణం, ఆస్తి పోతాయి. పిల్లలకు వారసత్వం పోతుంది. ఇక యార్క్‌కు వెనక్కి తగ్గినా మిగిలేది ఏమీ లేదు.

సింహాసనం మీద చెయ్యి

1460 జులై 10న నార్తాంప్టన్ వద్ద వారిక్, ఎడ్వర్డ్ గెలిచి రాజును తమ అధీనంలోకి తెచ్చుకున్నారు. అప్పటికీ వారి మాట రాజభక్తే. అక్టోబరు 10న యార్క్ ఐర్లండ్ నుంచి వచ్చి, ముందు నిటారుగా ఎత్తిన ఖడ్గంతో వెస్ట్‌మినిస్టర్ సభలోకి నడిచి, ఖాళీ సింహాసనం మీది మెత్తపై చెయ్యి వేసి నిలబడ్డాడు. జయజయధ్వానాలు రావాలి. ఎవరూ నోరు విప్పలేదు. రాజును చూడదలిచారా అని ఆర్చిబిషప్ బూర్షియర్ అడిగాడు. రాజ్యంలో తన దగ్గరకు రావలసినవారే తప్ప తాను వెళ్లి చూడవలసినవారెవరూ తెలియదని యార్క్ జవాబు. సొంత మిత్రులే నివ్వెరపోయారు.

ఆయన వాదన తెలియాలంటే వంశవృక్షం కొంచెం చూడాలి. అందరికీ మూలపురుషుడు మూడో ఎడ్వర్డ్. ఎదిగిన కొడుకుల్లో పెద్దవాడి శాఖ రెండో రిచర్డ్‌తో అంతరించింది. రెండోవాడు లియోనెల్, మూడోవాడు జాన్ ఆఫ్ గాంట్, నాలుగోవాడు ఎడ్మండ్. హెన్రీ మూడోవాడి వంశం, అదీ తండ్రి నుంచి కొడుక్కి తెగకుండా. యార్క్ తండ్రి వైపు నాలుగోవాడి వంశం; తల్లి వైపు రెండోవాడి వంశం. కాని లియోనెల్ నుంచి యార్క్ దాకా రావాలంటే దారిలో ఇద్దరు స్త్రీలున్నారు: లియోనెల్ కూతురు ఫిలిప్పా, ఆమె మనుమరాలు ఆన్ మార్టిమర్. ఆడపిల్ల ద్వారా హక్కు సంక్రమిస్తే యార్క్ ముందు, లేదంటే హెన్రీ ముందు. ఈ విషయంలో ఇంగ్లండ్‌లో రాసిపెట్టుకున్న నియమం లేదు. ఇది చాలా పెద్ద వ్యవహారం, మా చదువుకు అందదంటూ న్యాయమూర్తులు తప్పుకున్నారు. అరవై ఏళ్లు ఊరకున్నారేమని ప్రభువులు అడిగితే, హక్కు కొంతకాలం మౌనంగా ఉన్నా కుళ్లిపోదు, నశించదు అని యార్క్ బదులిచ్చాడు.

చివరికి రాజీ: హెన్రీ బతికినంత కాలం రాజు, ఆ తర్వాత యార్క్, ఆయన వారసులు. ఏడేళ్ల యువరాజు ఎడ్వర్డ్‌కు ఇందులో ఏమీ మిగల్లేదు. ప్రభువుల సర్దుబాటు వారికి వివేకంగానే కనిపించి ఉండవచ్చు. ఆ బిడ్డ తల్లి ఒప్పుకొనే ప్రసక్తే లేదు.

అక్కడినుంచి అంతా వేగంగా జరిగింది. డిసెంబరు 30న వేక్‌ఫీల్డ్ వద్ద యార్క్, ఆయన 17 ఏళ్ల కొడుకు ఎడ్మండ్ హతులయ్యారు. యార్క్ తలకు కాగితం కిరీటం తొడిగి యార్క్ నగర ద్వారం మీద నిలిపారు. సాలిస్‌బరీని కూడా చంపారు. 1461 ఫిబ్రవరి 17న సెయింట్ ఆల్బన్స్‌లోనే జరిగిన రెండో యుద్ధంలో రాణి సైన్యం వారిక్‌ను ఓడించి రాజును విడిపించుకుంది. యార్క్ పక్షానికి ఆ క్షణాన పెద్ద ఇబ్బంది వచ్చిపడింది. ఇన్నాళ్లూ రాజు పేరు చెప్పి పాలించారు. ఇప్పుడు రాజు అటువైపున్నాడు. తిరుగుబాటుదారులుగా మిగలకూడదంటే తమకంటూ ఒక రాజు కావాలి. రాణి సైన్యానికి లండన్ తలుపులు తెరవలేదు. మార్చి 4న యార్క్ పెద్దకొడుకు, 18 ఏళ్ల ఎడ్వర్డ్‌ను అదే నగరం నాలుగో ఎడ్వర్డ్‌గా ప్రకటించుకుంది.

మార్చి 29న, మట్టల ఆదివారం నాడు, టౌటన్ వద్ద మంచు కురుస్తుండగా రెండు సేనలు తలపడ్డాయి. గాలి వాటాన్ని ఆసరాగా తీసుకొని యార్క్ విలుకాళ్లు దూరం నుంచే దెబ్బ తీశారు. 28,000 మంది చనిపోయారని ఆనాటి లేఖలు చెబుతాయి. ఈనాటి చరిత్రకారుల్లో చాలామంది ఆ అంకె నమ్మరు, అయినా ఇంగ్లండ్ గడ్డ మీద అంతటి ఊచకోత అరుదని ఒప్పుకుంటారు. 1996లో టౌటన్‌లో ఇంటి పనికి తవ్వుతుంటే ఒక గుంటలో కిక్కిరిసిన దాదాపు 40 అస్థిపంజరాలు బయటపడ్డాయి. చాలా పుర్రెలపై ఒకటి కాదు, పలు గాయాలున్నాయి. ఒక్క దెబ్బతో చనిపోయే మనిషి మీద అన్ని వేట్లు ఎందుకు పడ్డాయో తలచుకుంటే, ఆరేళ్లలో ఆ పగ ఎంత ముదిరిందో అర్థమవుతుంది.

కారణం మీద చరిత్రకారుల పంచాయితీ

ఒక వాదన ప్రకారం ఇది ప్రాంతీయ పగల సంకలనం. పెర్సీ–నెవిల్ తగాదా, గ్లామోర్గన్ భూముల మీద వారిక్–సోమర్‌సెట్ తగాదా వంటివి పెరిగి పెరిగి అంతర్యుద్ధమయ్యాయి. సెయింట్ ఆల్బన్స్ మృతుల జాబితా ఈ వాదనకు బలం. మరో వాదన డబ్బు వైపు చూస్తుంది: ఫ్రాన్స్ పరాజయాలు, వెండి నాణేల కొరత, ఉన్ని బట్టల వ్యాపారంలో మాంద్యం కలిసి ఖజానాను గుల్ల చేశాయి. కేడ్ తిరుగుబాటును ఇది బాగా వివరిస్తుంది, ప్రభువుల చీలికను అంతగా వివరించదు. రాణి మార్గరెట్‌ను చాలాకాలం ప్రధాన దోషిగా చూపేవారు. ఈ మధ్య ఆ దృష్టి మారింది. రాజు వదిలేసిన ఖాళీని కొడుకు కోసం నింపబోయిన స్త్రీగా ఆమెను చూస్తున్నారు. నాకు ఇదే న్యాయంగా అనిపిస్తుంది. యార్క్ చేసింది కూడా అదే పని. ఆయనను సంస్కర్త అన్నవారున్నారు, ఆమెకు ఆ మన్నన దక్కలేదు.

20వ శతాబ్దపు చరిత్రకారుడు కె.బి. మెక్‌ఫార్లేన్ వీటన్నింటినీ ఒక ప్రశ్నకు తెచ్చాడు. ప్రభువులు మరీ బలవంతులు కావడం కారణం కాదు, రాజు మరీ బలహీనుడు కావడమే కారణమన్నాడు. దీనికి అభ్యంతరం లేకపోలేదు. ఒకే మనిషి అసమర్థత మీద భారమంతా మోపితే పాతికేళ్లుగా పేరుకున్న అప్పు, యుద్ధభారం పక్కకు పోతాయి. సమర్థుడే అయిన నాలుగో ఎడ్వర్డ్ కూడా 1470లో వారిక్‌తో చెడి ఆరు నెలలు సింహాసనం పోగొట్టుకున్నాడు. కాని 1471లో తిరిగి గెలిచాక అదే అనుచర వ్యవస్థతో, తరచూ అవే కుటుంబాలతో ఆయన తన మరణం దాకా పన్నెండేళ్లు దేశంలో అంతర్యుద్ధం లేకుండా పాలించాడు. మెక్‌ఫార్లేన్ వాదనను కాదనేవారు ముందుగా సమాధానం చెప్పవలసింది ఆ పన్నెండేళ్లకే.